గున్వోర్ ఎడమ చెవి దుద్దు

ప్రపంచ చరిత్రను కొందరు యుద్ధాలతో విభజిస్తారు, కొందరు రాజవంశాలతో. మా స్కార్వోయ్ రేవులోని సముద్ర రక్షణ కార్యాలయం చరిత్రను మాత్రం గున్వోర్ ఎడమ చెవి దుద్దుతోనే విభజించాలి. దుద్దు చెవికి ఉంటే శాంతికాలం. సాసరులో ఉంటే ఆపత్కాలం. ఇంతకన్నా తేలికైన కాలవిభజనను నార్వేలో ఏ విశ్వవిద్యాలయమూ ఇంతవరకూ కనిపెట్టలేదు.

ఫోను మోగిన ప్రతిసారీ తీసేది కాదు. ఫోన్లు రోజూ మోగుతూనే ఉండేవి. సీలు పిల్ల ఒకటి మెట్ల మీద పడుకుని లేవనంటోందని ఒకరు, పక్కింటివాడి పడవ కట్టు తెంచుకుని తమ పడవను గుద్దుతోందని ఇంకొకరు. అవన్నీ దుద్దుతోనే వినేది. ఎప్పుడో ఒకసారి అవతలి గొంతు విని, రెప్ప వాల్చి, కుడిచేత్తో ఎడమ చెవి దుద్దు తీసి కాఫీ సాసరులో వేసేది. టింగుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడుకి రేడియో దగ్గర కూర్చున్న నేను కప్పు కింద పెట్టేవాణ్ణి. మా అధికారి తన గదిలోంచి తొంగి చూసి, తాను అడ్డమవుతానని గ్రహించి తలుపేసుకునేవాడు. ఆయన అధికారిగా చేసిన మంచిపనుల్లో ఇది ముఖ్యమైనది.

ఆ అలవాటు మీద రేవులో సిద్ధాంతాలు ప్రబలాయి. సముద్రానికి వెండి చూపించడం పాత మొక్కుబడి అని ప్రాణరక్షణ పడవవాళ్ళు నమ్మేవారు. మొగుడు పోయిన రోజు గుర్తు అని చేపల దుకాణంలో చెప్పుకునేవారు. మొగుడు బెర్గెన్‌లో వేరే ఆవిడతో సుఖంగా ఉన్నాడన్న వాస్తవం ఆ సిద్ధాంతానికి ఏ హానీ చెయ్యలేకపోయింది. అసలు కారణం ఏమిటంటే, ఫోను చాలాసేపు చెవికి నొక్కిపెట్టుకుంటే దుద్దు గుచ్చుకుంటుంది.

దుద్దు తియ్యడానికి ఎంత నియమం ఉందో తిరిగి పెట్టుకోవడానికీ అంతే ఉంది. వెతుకుతున్న మనిషి దొరికాకే పెట్టుకునేది. ప్రాణంతోనా, ప్రాణం లేకుండానా అన్నది వేరే సంగతి. దొరకాలి.

మా పని ఏమిటో ఎవరైనా అడిగితే గున్వోర్ ఒకటే చెప్పేది: "మేం ఎవర్నీ రక్షించం. రక్షించేవాళ్ళకి ఫోన్లు చేస్తాం." ప్రాణరక్షణ పడవ ఒకరిది, హెలికాప్టరు ఇంకొకరిది, ఒడ్డు పోలీసులది, దారిన పోయే సరుకు ఓడ ఏ దేశానిదో దానికే తెలియదు. వీళ్ళందరికీ ఎవరు ఎటు పోవాలో చెప్పే గొంతు ఒకటే ఉండాలి. రెండుంటే ఇద్దరూ ఒకేచోట వెతికి, మూడోచోట మనిషి మునిగిపోతాడు. మా నీళ్ళలో ఆ గొంతు గున్వోర్‌ది. మాకు ఉత్తరాన గీత దాటితే ఆస్మున్‌ది. ఆ గీత మ్యాపులో ఉంది. చేపలకి, గాలికి దాని సంగతి ఇంకా తెలియజేయలేదు.

ఆస్మున్‌కి, గున్వోర్‌కి రోజూ పొద్దున్నే ఫోనులో కుశలప్రశ్నలు జరిగేవి.

"ఏమ్మా, మీ మబ్బులు మా వైపుకి వచ్చేస్తున్నాయి. అనుమతి తీసుకున్నారా?"

"నిన్న మీరు పంపిన చలిగాలికి ముందు క్షమాపణ పంపించవయ్యా. మబ్బుల సంగతి తర్వాత చూద్దాం."

"క్షమాపణ మా శాఖ పరిధిలోకి రాదు."

ఇరవై ఏళ్ళుగా మాట్లాడుకుంటూ ఒకరి మొహం ఒకరు రెండుసార్లే చూసుకున్న స్నేహం అది.

ఇక మా రేవు మనుషుల గురించి ఒక మాట చెప్పాలి. వాళ్ళు దొంగతనం చెయ్యరు, అప్పు ఎగ్గొట్టరు, తలుపులకి తాళం వెయ్యరు. ఎక్కడ చేపలు పడుతున్నావంటే మాత్రం అబద్ధం చెబుతారు. హాలిబట్ అని తలుపంత చేప ఒకటుంది. అది నిలిచే చోటు తండ్రి కొడుక్కి చెబుతాడు, అదీ మంచం పట్టాక. అయితే రేవు దాటేటప్పుడు ఎక్కడికి పోతున్నదీ రేడియోలో మాకు చెప్పడం రివాజు. ఆ రేడియోని ప్రతి వంటింట్లోనూ కిటికీ గట్టు మీద పెట్టుకుని వినడం ఇంకో రివాజు. ఈ రెండు రివాజుల మధ్య నిజానికి చోటు లేదు. పోనీ ఇంటినుంచి ఫోను చేసి చెబుదామా అంటే భార్య వింటుంది. భార్యకి చెల్లెలుంటుంది. చెల్లెలికి మొగుడుంటాడు. ఆ మొగుడికీ పడవుంటుంది.

అబద్ధమైనా అందరూ ఒక పద్ధతిగా చెప్పేవారు కనుక పెద్ద నష్టం ఉండేది కాదు. రేవుకి ఉత్తరాన ముసలమ్మ గట్టు, దక్షిణాన పాదిరి గట్టు. రెండూ నీళ్ళ కింద ఉండే రాతి తిప్పలే. పాదిరి దగ్గరికి పోతున్నానన్నవాడు ముసలమ్మ దగ్గర ఉంటాడు. ముసలమ్మ అన్నవాడు పాదిరి దగ్గర తేలతాడు. వినేవాళ్ళు తిరగేసుకుని వినేవారు. చొక్కా తిరగేసి ఉతికినంత సహజంగా.

ఈ విద్యలో అందరికన్నా ఆరితేరినవాడు హిల్మార్. ఒంటరిగా చిన్న పడవ మీద పోయే మనిషి. మాటకి ముందు నవ్వేవాడు, నవ్వాక ఆ మాట చెప్పేవాడు కాదు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నిజం చోటు చెప్పలేదని ఆయన భార్య యోరున్ గొప్పగా చెప్పుకునేది. కొందరు ఆడవాళ్ళు భర్త తాగడని చెప్పుకోరూ, అలాగ.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం గున్వోర్ జాలరుల హాలులో సభ పెట్టింది. తన చేత్తో వాఫెల్ అట్లు పోసి, గోధుమరంగు చీజు ముక్కలు పరిచి తీసుకెళ్ళింది. అట్ల కోసం అందరూ వచ్చారు.

"ఊరందరికీ అబద్ధం చెప్పుకోండి," అంది. "పెళ్ళాలకి చెప్పుకోండి. పాదిరిగారికి చెప్పుకోండి, ఆయనకి అలవాటే. నాకొక్కదానికి నిజం చెప్పండి. మీరు మునిగితే వెతకాల్సింది నేను."

"మీ తమ్ముడూ హాలిబట్టే పడతాడు కదక్కా," అన్నాడు వెనకనుంచి ఒకడు.

"నేను చెప్పినా వాడు నమ్మడు. వాడూ మీలాంటివాడేగా."

హాలంతా నవ్వింది. హిల్మార్ నోట్లో అట్టు నమిలి మింగి, చెయ్యెత్తాడు. "నిజం చెబితే ఇంకో అట్టు పెడతావా?"

"మూడు పెడతా."

"అయితే ఆలోచించాల్సిన విషయమే."

ఆ సభ వల్ల ఫలితమేమీ కనపడలేదు. అట్లు మిగల్లేదు, అంతే. మర్నాడు పొద్దున రేడియోలో అందరూ యథాప్రకారం అబద్ధాలు చెప్పి సముద్రం మీదికి పోయారు.

మార్చిలో ఒక పొద్దున హిల్మార్ గొంతు వినిపించింది: "స్కార్వోయ్, నేను హిల్మార్‌ని. ముసలమ్మ గట్టుకి పోతున్నా. భోజనానికి ఇంట్లో ఉంటా."

"పాదిరికి ఇవాళ బేరం బాగుంది," అంది గున్వోర్, కాఫీ పోసుకుంటూ. నేను నవ్వాను. రేవులో ప్రతి వంటింట్లోనూ నవ్వే ఉంటారు.

మధ్యాహ్నానికి నైరుతి గాలి లేచింది. పడవలన్నీ ఒకటొకటే వచ్చి కట్టుకున్నాయి. మా వైపు పగటి భోజనం సాయంత్రం నాలుగింటికి. ఆ వేళకి యోరున్ ఫోను చేసింది.

"బంగాళాదుంపలు ఉడికి మెత్తబడిపోతున్నాయమ్మా. మనిషి ఇంకా రాలేదు. రేడియోలో పిలిస్తే పలకడం లేదు."

"ఎక్కడికి పోతానన్నాడు యోరున్?"

"నాకెప్పుడు చెప్పి చచ్చాడు? నీకు చెప్పాడుగా."

"చెప్పాడు," అంది గున్వోర్.

టింగుమంది.

తర్వాత గంటలో ఆవిడ చేసినదాన్ని ఏ పాఠశాలలోనైనా పాఠంగా చెప్పొచ్చు. ప్రాణరక్షణ పడవ బయల్దేరింది. హెలికాప్టరు లేచింది. దారిన పోతున్న సిమెంటు ఓడ ఒకటి మెడ తిప్పింది. రేవులో పడవలు ఎవరూ పిలవకుండానే ఇంజన్లు వేసుకుని పోయాయి, దక్షిణానికి. ఎటు పోవాలని ఒక్కరూ అడగలేదు. పొద్దున రేడియో విన్నారు కదా.

అప్పుడు ఆస్మున్ ఫోను చేశాడు. ఆ రోజు హాస్యమాడలేదు.

"మావాడొకడు పొద్దున మీ రేడియో విన్నాడట. మీ మనిషి ముసలమ్మ గట్టు అన్నాడట కదా. అది గీతకి ఇవతల, నా నీళ్ళు. నా పడవ అక్కడికి గంట దూరంలో ఉంది. పంపించనా?"

"హిల్మార్ నీకు తెలియడు ఆస్మున్. ఆయన ముసలమ్మ అంటే పాదిరే."

"ఎందుకంటాడు అలా?"

"వివరంగా తర్వాత చెబుతా. నీ పడవని నా వైపుకి పంపు. అలలు పెద్దవి, పాదిరి చుట్టూ చోటు చాలా ఉంది. ఒక్క పడవ కూడా వృథా చెయ్యలేను."

ఆస్మున్‌కి అనుమానం ఉంది, ఆవిడకి నమ్మకం ఉంది. వెతుకులాట నడిపే గొంతు ఒకటే ఉండాలన్న నియమం ఇద్దరికీ తెలుసు. "నీ మాటే," అని పడవని దక్షిణానికి పంపాడు. ముసలమ్మ గట్టు పక్కనుంచే వెళ్ళిందది, ఒడ్డువైపు కాలవలోంచి. గట్టుకి అవతలివైపు చూడమని దానికి ఎవరూ చెప్పలేదు.

పాదిరి చుట్టూ రాత్రంతా వెతికారు, మర్నాడు పగలంతా వెతికారు. ఆ సాయంత్రం ఆస్మున్ మళ్ళీ ఫోను చేశాడు. హిల్మార్ పడవ నెంబరు రాసిన నారింజరంగు తేలుబంతి ఒకటి దొరికిందన్నాడు. ముసలమ్మకి ఉత్తరాన.

"ప్రవాహం ఉత్తరానికే కదా పోతుంది," అంది గున్వోర్. "పాదిరి దగ్గర్నుంచి కొట్టుకొచ్చి ఉంటుంది."

"కావచ్చు."

"కావచ్చు అంటున్నావు."

"అంటున్నాను."

ఆవిడ చాలాసేపు మ్యాపు వైపు చూసింది. తర్వాత అన్నిటినీ ఉత్తరానికి మళ్ళించింది. అంత చల్లటి నీళ్ళలో మనిషి ఎంతసేపు ఉండగలడో మా గోడ మీద ఒక పట్టిక ఉంటుంది. దాని వైపు ఎవరూ చూడలేదు.

హిల్మార్ దొరకలేదు. వెతుకులాట ఆపుతున్నామన్న మాట ఫోనులో చెప్పకూడదని మా దగ్గర ఎక్కడా రాసి లేదు. గున్వోర్ మాత్రం ఎప్పుడూ ఇంటికి వెళ్ళి చెప్పేది. కారు నేను నడిపాను.

యోరున్ వంటిల్లు శుభ్రంగా ఉంది. కిటికీ గట్టు మీద రేడియో మోగుతూనే ఉంది, ఎవరివో పడవలు, ఎవరివో గొంతులు. గున్వోర్ నిలబడే చెప్పింది. యోరున్ తలూపి, కాఫీ పోసి, మా ముందు పెట్టి కూర్చుంది.

"మీరు చెయ్యగలిగిందంతా చేశారు," అంది. "మీ సభ అయిన రోజు ఇంటికొచ్చి ఒకటే నవ్వు. 'ఇకమీదట నిజమే చెబుతానే' అన్నాడు. రేడియోలోనా, అందరూ వినరూ అన్నాను. 'విననీ. నేను ముసలమ్మ అంటే ఒక్కడూ ముసలమ్మ వైపు రాడు. గున్వోర్ ఒక్కతే నమ్ముతుంది, అడిగింది కదా' అన్నాడు. ఎంత మురిసిపోయాడో. నిజం చెప్పి అందర్నీ మోసం చెయ్యడం ఇన్నేళ్ళూ తనకి తట్టలేదట."

కప్పు దగ్గర గున్వోర్ చెయ్యి ఆగిపోయింది. యోరున్‌కి తెలియదు. ఊళ్ళో పడవలు దక్షిణానికి పోయాయని తెలుసు గాని, ఊళ్ళోవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు పోయారనీ, గున్వోర్ వెతికించింది ముసలమ్మ దగ్గరేననీ అనుకుంటోంది. అక్కడితో ఊరుకోవచ్చు. కాఫీ తాగి లేచి రావచ్చు. నాకు ఆ పనే చెయ్యాలనిపించింది.

"నేనూ తిరగేసుకున్నాను యోరున్," అంది గున్వోర్. "ఉత్తరానికి పంపుతానని ఆస్మున్ అడిగాడు. వద్దన్నాను."

రేడియోలో ఎవరో తాను పాదిరి దగ్గరికి పోతున్నానని చెబుతున్నాడు. యోరున్ లేచి దాన్ని కట్టేసింది. మళ్ళీ కూర్చోలేదు.

"ముప్పై ఏళ్ళు నాతోనూ అలాగే అన్నాడు," అంది. "నేనైనా తిరగేసుకునేదాన్నే." కప్పులు తీసేస్తూ, "కాని నిజం చెప్పమని అడిగింది నేను కాదు," అంది.

తర్వాత విచారణ సంఘం వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు, రెండు రోజులు, బోలెడు చేపముద్దల పులుసు. అందుబాటులో ఉన్న సమాచారాన్ని స్థానిక అనుభవంతో అన్వయించి తీసుకున్న నిర్ణయం సహేతుకమని తేల్చారు. ఆ వాక్యాన్ని మా అధికారి పైకి చదివి వినిపించాడు. గున్వోర్ విని, "అనుభవమే," అంది.

ఉద్యోగం మానలేదు. మానుతుందనుకున్నవాళ్ళు నిరాశపడ్డారు. దుద్దు మాత్రం సాసరులోనే ఉంది. కాఫీకి ఇంకో సాసరు తెచ్చుకుంది. కుడి చెవికి రోజూ పెట్టుకుని వచ్చేది, ఎడమ చెవి బోసి. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో కొత్త ఫ్యాషను అనుకున్నారు. ఆపద ఫోను వచ్చినప్పుడు చెయ్యి అలవాటుగా చెవి దాకా పోయి, ఏమీ దొరక్క తిరిగి వచ్చేది. మాకు ఆ చప్పుడు వినపడదు కనుక ఆ చేతిని చూసి కప్పులు కింద పెట్టడం నేర్చుకున్నాం. ఆ తర్వాత ఎంత పచ్చి అబద్ధాలకోరు తప్పిపోయినా, అతను చెప్పిన చోటికి ముందు ఒక పడవ పోయేది. తిరగేసిన చోటికి మిగతావి.

రేవు మారిందా అంటే మారింది, ఒక నెల. అందరూ రేడియోలో నిజాలు చెప్పారు. అందరూ అందరి గట్ల మీదికీ పోయారు, వలలు చిక్కుపడ్డాయి, రెండు కొట్లాటలు జరిగాయి. నిజం ఆరోగ్యానికి మంచిది కాదని తేలి మళ్ళీ అబద్ధాలకి దిగారు. అయితే పొద్దున్నే, రేడియోలో చెప్పే ముందు, ఒక్కొక్కరే ఇంటినుంచి గొంతు తగ్గించి ఫోను చెయ్యడం మొదలుపెట్టారు. భార్యలు వంటింట్లోంచి బయటికి పోయి, వినలేదని తెలిసేలా తలుపు చప్పుడు చేసేవారట.

"అక్కా, నీకొక్కదానికే. తమ్ముడికి చెప్పకు."

"విన్నాను," అనేది గున్వోర్. అంతకుమించి ఒక్కమాట కూడా అనేది కాదు. హిల్మార్‌కి అనాల్సిన మాట రోజూ ఇంకెవరికో అంటున్నట్టు ఉండేది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక సెప్టెంబరు పొద్దున ఆస్మున్ ఫోను చేశాడు. మబ్బుల మాట ఎత్తలేదు.

"సముద్రం లోతు కొలిచే ఓడ ఒకటి మా వైపు తిరుగుతోంది. ముసలమ్మ గట్టు అవతలివైపు పడవ కనపడింది. ఈతగాళ్ళు దిగి చూశారు. హిల్మార్‌దే. ఆయనా అందులోనే ఉన్నాడు."

"ఎలా ఉంది పడవ?"

"చెప్పాలా?"

"చెప్పు."

"లంగరు దించి ఉంది."

ఇంజను ఆగిపోయి ఉంటుంది, రేడియో తడిసి ఉంటుంది. కొట్టుకుపోకుండా లంగరు దించుకుని, ఎక్కడ ఉంటానని చెప్పాడో అక్కడే ఉన్నాడు. చెప్పాను కదా, వస్తారులే అనుకుని ఉంటాడు.

గున్వోర్ ఫోను పెట్టేసి యోరున్ ఇంటికి వెళ్ళింది. ఈసారి నన్ను రమ్మనలేదు. లంగరు సంగతి కూడా చెప్పిందని తర్వాత యోరున్ నోటే విన్నాను. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. అంత్యక్రియలకి ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి.

ఆ మర్నాడు పొద్దున ఆవిడ ఆఫీసుకి వచ్చేసరికి మేం అందరం ఉన్నాం. సెలవులో ఉన్నవాళ్ళు కూడా ఏదో మరిచిపోయామని వచ్చారు. ప్రాణరక్షణ పడవవాళ్ళు టోపీలు చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. మా అధికారి తన తలుపు తెరిచే ఉంచాడు. మనిషి దొరికాడు. దుద్దు సాసరులో నల్లబడి ఉంది. దేని కోసం వచ్చామో ఎవరూ అనలేదు. రాజుగారి ప్రమాణ స్వీకారానికి కూడా ఓస్లోలో అంత నిశ్శబ్దం పాటించి ఉండరు.

గున్వోర్ మమ్మల్నందర్నీ ఒకసారి చూసింది. దుద్దు తీసి, స్వెట్టరు చేతికి రుద్ది, కిటికీ అద్దంలో చూసుకుంటూ ఎడమ చెవికి పెట్టుకోబోయింది. తల వంచి ఇంకోసారి ప్రయత్నించింది. వేలితో చెవి తడిమి చూసుకుని, దుద్దు మళ్ళీ సాసరులో వేసింది.

చెవి కన్నం పూడుకుపోయింది.